నొప్పి కుడివైపు, రిపోర్టులో ఎడమవైపు: నా నడుము ఎంఆర్ఐ అనుభవం

నవంబరు 18 పొద్దున పళ్లు తోముకుని నోరు పుక్కిలించడానికి సింకు మీదికి వంగాను. నడుము కింది భాగంలో కుడిపక్కన ఒక్కసారిగా పట్టేసింది. బరువేమీ ఎత్తలేదు, ఎక్కడా జారి పడలేదు. రెండు చేతులతో సింకు అంచు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను, ఎదురుగా కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి, దాన్ని కట్టేయడానికి ఒక చెయ్యి వదలాలన్నా భయం వేసింది. చివరికి మావారు వచ్చి కట్టేశారు. నాకు 43 ఏళ్లు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. అంతకుముందు కూడా ఎప్పుడైనా నడుము పట్టేసేది, నాలుగైదు రోజుల్లో దానంతట అదే సర్దుకునేది. ఈసారి సర్దుకోలేదు.

ఇప్పుడు జూలై. ఈ మధ్యలో ఒక ఎక్స్-రే, ఒక ఎంఆర్ఐ, ముగ్గురు డాక్టర్లు, పది సార్లు ఫిజియోథెరపీ అయ్యాయి. ఎంఆర్ఐ రిపోర్టు చేతిలో పట్టుకుని నిద్రపట్టక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను అలా పన్నెండు రాత్రులు కూర్చున్నాను.

మొదట జనవరి 2న మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాను, అప్పటికి ఆరు వారాలు దాటింది. ఆవిడ చాలాసేపు ప్రశ్నలే అడిగారు. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా, కూర్చునే చోట, తొడల లోపలివైపు తిమ్మిరి ఉందా, కాలు బలం తగ్గిందా, జ్వరం వస్తోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడారా, ఈ మధ్య పెద్ద దెబ్బ ఏదైనా తగిలిందా. అన్నిటికీ లేదనే చెప్పాను. "ఇవేవీ లేవు కాబట్టి ఇప్పుడు స్కాన్ అక్కర్లేదు, చేసినా మీ వైద్యం మారదు. వీటిలో ఏ ఒక్కటి మొదలైనా, ముఖ్యంగా మూత్రం, తిమ్మిరి, కాలి బలం విషయంలో తేడా వస్తే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి" అన్నారు. కొన్ని రోజులకి నొప్పి మాత్రలు రాసి, మంచం పట్టకుండా నడుస్తూ ఉండమన్నారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా నిరాశగా బయటికొచ్చాను. స్కాన్ రాయలేదంటే నా నొప్పిని ఆవిడ పూర్తిగా నమ్మలేదనిపించింది. ఎక్కడ ఏం పాడైందో కళ్లతో చూస్తే తప్ప నాకు శాంతి లేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే మొత్తం వ్యవహారంలో నన్ను అంత ఓపిగ్గా ప్రశ్నలు అడిగింది ఆవిడ, మార్చిలో చూసిన స్పైన్ (వెన్నెముక) డాక్టరు, ఈ ఇద్దరే.

ఫిబ్రవరి 20 నాటికి మూడు నెలలు నిండాయి. పన్నెండు వారాలు దాటిన నడుము నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారట, ఆ మాట వినగానే ఇక ఇది జీవితాంతం ఉంటుందేమోనని టెన్షన్ మొదలైంది. ఎవరో చెబితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. గదిలోకి వెళ్లకముందే ఎక్స్-రే తీయించుకు రమ్మన్నారు, దాన్ని లైటు మీద పెట్టి చూసి "కింద గ్యాప్ తగ్గింది, అరుగుదల ఉంది, డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారిందేమో ఎంఆర్ఐ చేయిద్దాం" అని నడుముకి బెల్టు రాసిచ్చారు. నా నడుము మీద చెయ్యి వేసి చూడలేదు. అయినా ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది, ఎట్టకేలకి ఒక కారణం దొరికిందని. ఎంఆర్ఐకి పది రోజుల తర్వాత, మార్చి 2కి టైము దొరికింది.

స్కాన్ గురించి నాకు ఎవరూ ముందు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. లోహం ఏదీ ఉండకూడదని చెప్తారు, పిన్నులు, నగలు, బెల్టు సరే, బ్రా హుక్కులు కూడా లెక్కేనని అక్కడికి వెళ్లాకే తెలిసింది, వాళ్లిచ్చిన గౌను వేసుకోవాల్సి వచ్చింది. ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉన్నాయా అని రెండుసార్లు అడిగారు. ఎంఆర్ఐలో ఎక్స్-రే కిరణాలు ఉండవు, అయస్కాంతం, రేడియో తరంగాలతో బొమ్మ తీస్తారు కాబట్టి ఆ రేడియేషన్ భయం పెట్టుకోనక్కర్లేదు. ఇంజక్షన్ ఉంటుందేమోనని భయపడ్డాను గానీ నా స్కాన్‌కి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) అవసరం లేదన్నారు. గొట్టంలోకి వెళ్లాలంటే భయపడేవాళ్లు ముందే చెప్పండి, చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే ఆపేస్తారు. నన్ను బాధపెట్టింది గొట్టం కాదు, చప్పుడు కూడా కాదు, చెవుల్లో దూది లాంటివి పెట్టారు కాబట్టి అది తట్టుకోగలిగాను. నడుము నొప్పితో ఉన్న మనిషి గట్టి బల్ల మీద ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవడం అన్నిటికంటే కష్టం. పదో నిమిషానికి కుడిపక్క సలపడం మొదలైంది. మోకాళ్ల కింద దిండు పెట్టమని ముందే అడగండి, నేను అడిగాక పెట్టారు, అది లేకపోతే మధ్యలోనే లేచిపోయేదాన్ని.

ఇంకో ఆలోచన ఆ గొట్టంలో ఉండగానే వచ్చింది. నాకు నొప్పి ఎక్కువయ్యేది కూర్చున్నప్పుడు, వంగినప్పుడు. బొమ్మ తీస్తున్నది పడుకోబెట్టి. మరి నొప్పి పుట్టే భంగిమలో నా వెన్ను ఎలా ఉంటుందో ఇందులో ఎలా తెలుస్తుంది?

రిపోర్టు మార్చి 4 సాయంత్రం ఫోనుకి వచ్చింది. అప్పటికి స్పైన్ డాక్టరు అపాయింట్‌మెంట్ మార్చి 16కి దొరికింది. మధ్యలో పన్నెండు రోజులు, నేను, ఆ కాగితం. అందులో ఉన్న మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 (నడుములో అన్నిటికంటే కింది రెండు డిస్కులు) దగ్గర డిస్క్ డెసికేషన్. ఎల్4-ఎల్5లో డిఫ్యూజ్ డిస్క్ బల్జ్ (డిస్కు చుట్టూ ఉబ్బడం). ఎల్5-ఎస్1లో లెఫ్ట్ పారాసెంట్రల్ ప్రొట్రూషన్ (డిస్కు ఒకచోట పొడుచుకురావడం), థీకల్ శాక్‌ని ఇండెంట్ చేస్తోంది (నరాల చుట్టూ ఉండే సంచిని నొక్కుతోంది). యాన్యులర్ ఫిషర్. ఫేసెట్ ఆర్థ్రోపతీ (వెన్నుపూసల వెనక కీళ్ల అరుగుదల). ఎల్2 వెన్నుపూసలో హెమాంజియోమా. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని ఉంది, దాన్ని నేను పట్టించుకోలేదు, అది ప్రతి రిపోర్టులో ఉండే మాటే అనుకున్నాను.

ఒక్కో మాటా ఫోనులో వెతికాను. డెసికేషన్ అంటే ఎండిపోవడం అని వచ్చింది, నా డిస్కులు ఎండిపోయాయి అనుకున్నాను. ఫిషర్ అంటే పగులు. హెమాంజియోమా అంటే రక్తనాళాల గడ్డ అని చూడగానే చేతులు చల్లబడ్డాయి, గడ్డ అంటే మనకి ఒకటే అర్థం కదా. ఆ రాత్రి మావారిని లేపలేదు. మర్నాడు మా అక్కకి ఫోన్ చేసి చదివి వినిపిస్తే "అయ్యో, నువ్వింక వంగకు, బిందె కూడా ఎత్తకు" అంది. నిజంగానే అలాగే చేశాను. కింద పడ్డ పెన్ను కూడా తీసేదాన్ని కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా బెల్టు తీయలేదు, నడక మానేశాను, కూర్చోవాలంటే ఒక చెయ్యి వెనక నడుము మీద పెట్టుకుని ఊపిరి బిగబట్టి మెల్లగా దిగేదాన్ని. నాకు బాగా గుర్తు, మార్చి 3న నొప్పి పదికి ఐదు ఉండేది, మార్చి 12కి ఏడు అయింది. ఆ తొమ్మిది రోజుల్లో నా వెన్నులో కొత్తగా జరిగింది ఏమీ లేదు. ఆ మాటలు చదవడం, కదలడం మానేయడం, అవే.

మార్చి 16న స్పైన్ డాక్టరు ఫిల్ములున్న కవరు తీసుకుని తెరవకుండా పక్కన పెట్టేశారు. "ముందు మీరు చెప్పండి, తర్వాత చూద్దాం" అన్నారు. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమంటే కుడిపక్క, తుంటి పైన చూపించాను. మడమల మీద నడిపించారు, మునివేళ్ల మీద నడిపించారు. పడుకోబెట్టి ఒక్కో కాలూ నిటారుగా పైకి లేపారు, కాల్లోకి జివ్వుమని ఏమైనా పాకుతోందా అని అడిగారు, లేదు, తొడ వెనక పట్టేసినట్టు మాత్రం ఉంది. బొటనవేలు పైకి ఎత్తి పట్టుకోమని తన వేలితో కిందికి నొక్కారు, చీలమండ వెనక చిన్న సుత్తితో కొట్టారు, సూదితో కాళ్ల మీద తాకి తెలుస్తోందా అని అడిగారు. అంతా అయ్యాక ఫిల్ములు తీశారు.

తీసి, ఒకే ప్రశ్న అడిగారు. "డిస్కు ఎడమవైపుకి ఉబ్బిందని రాశారు కదా, మీ నొప్పి ఎటు?"

పన్నెండు రోజుల్లో ఆ రిపోర్టు నేను వంద సార్లు చదివి ఉంటాను. 'లెఫ్ట్' అన్న మాట ప్రతిసారీ చదివాను. నా నొప్పి కుడివైపని నాకు తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్కసారి కూడా తట్టలేదు. ఎల్5-ఎస్1 దగ్గర అది నిజంగా నరాన్ని నొక్కి ఉంటే ఎడమ పిక్క వెనక, ఎడమ పాదం బయటి అంచున తెలియాలనీ, అలాంటిదేమీ లేదు కాబట్టి, చీలమండ దగ్గర స్పందన రెండు కాళ్లలోనూ సమానంగా ఉంది కాబట్టి, ఆ ఉబ్బుకీ నా నొప్పికీ సంబంధం కనిపించడం లేదనీ చెప్పారు. క్లినికల్ కోరిలేషన్ అంటే ఇదేనట, బొమ్మలో కనిపించినదాన్ని మనిషిని పరీక్ష చేసినదానితో కలిపి చూడటం. రేడియాలజిస్టు బొమ్మ చూసి ఉన్నదున్నట్టు రాస్తారు, నొప్పి ఎక్కడుందో ఆయనకి తెలియదు.

తర్వాత ఒక్కో మాటా విడమరిచారు. డిస్కు మధ్యలో జెల్లీ లాంటి పదార్థం ఉంటుంది, అందులో నీళ్లు ఎక్కువగా ఉంటే టీ2 అనే రకం బొమ్మలో తెల్లగా కనిపిస్తుంది, వయసుతో నీళ్లు తగ్గితే నల్లబడుతుంది, డెసికేషన్ అంటే అంతే. ఫిల్ములో చూపించారు కూడా, పైన మూడు డిస్కులు మధ్యలో తెల్లగా, కింద రెండూ నల్లగా. "మీ కణతల దగ్గర జుట్టు నెరిసింది కదా, దాన్ని జబ్బు అనం" అన్నారు. 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చిందట, 33 అధ్యయనాల నుంచి, నడుము నొప్పే లేని 3,110 మంది స్కాన్లు తీసుకుని లెక్క వేశారు. నొప్పి లేని 40 ఏళ్ల వాళ్లలో డిస్కు అరుగుదల 68 శాతం మందిలో, బల్జ్ 50 శాతం మందిలో, ప్రొట్రూషన్ 33 శాతం మందిలో ఉంది. అరుగుదల 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం, 80 ఏళ్లకి 96 శాతం. ఆ అంకెలు ఆయన నా రిపోర్టు పక్కనే పెన్నుతో రాసిచ్చారు, ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. హెమాంజియోమా గురించి నేను అడగకముందే చెప్పారు, వెన్నుపూసల్లో అది చాలామందికి ఉంటుంది, క్యాన్సర్ కాదు, వేరే దేనికో స్కాన్ తీసినప్పుడు బయటపడుతుంది, మీదానికి ఏమీ చేయక్కర్లేదని. అది విన్నాక ఆయన ముందే ఏడుపు వచ్చేసింది. ఆ ఒక్క మాట మార్చి 4నే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అయితే ఆయన అంతా ఉత్తదే అని కొట్టిపారేయలేదు, అందుకే నాకు నమ్మకం కుదిరింది. 50 ఏళ్ల లోపు వాళ్లని రెండు గుంపులుగా తీసుకుని పోలిస్తే, ఈ బల్జులూ ప్రొట్రూషన్లూ నొప్పి ఉన్నవాళ్లలో కొంత ఎక్కువగానే కనిపిస్తాయట. కాబట్టి అసలు సంబంధమే లేదని అనలేం, కానీ ఒక మనిషి బొమ్మ చూసి నీ నొప్పి ఇక్కడినుంచే అని చెప్పడానికి అది చాలదు. "మరి నా నొప్పి ఎక్కడినుంచి?" అని అడిగాను. కండరాలు, కీళ్లు, డిస్కు, ఏదో ఒకటి కచ్చితంగా ఇదీ అని వేలు పెట్టి చూపించలేననీ, ఎక్కువమంది నడుము నొప్పిలో అలాగే ఉంటుందనీ, ప్రమాదకరమైనవి లేవని మాత్రం గట్టిగా చెప్పగలననీ అన్నారు. ఆ జవాబు జీర్ణం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. పేరు లేని నొప్పితో బతకడం ఎలా అనిపించింది.

ఇంకో సెంటర్లో మళ్లీ స్కాన్ చేయిస్తే స్పష్టంగా తెలుస్తుందా అని కూడా అడిగాను, అడగకుండా ఉండలేకపోయాను. దానికి ఆయన 2017లో అచ్చయిన ఒక సంగతి చెప్పారు. 63 ఏళ్ల ఆవిడకి మూడు వారాల్లో పది వేర్వేరు సెంటర్లలో నడుము ఎంఆర్ఐ తీయించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 వేర్వేరు సమస్యలు రాశారు, పదింటిలోనూ ఉన్నది ఒక్కటీ లేదు. అదే మనిషి, అదే వెన్ను. ఇక అడగలేదు.

ఖర్చు గురించి ఒక మాట. స్కాన్, దానికి ముందు ఎక్స్-రే, ఫిల్ములకి విడిగా, సీడీకి విడిగా, బెల్టు, ఇవన్నీ కలిపితే తర్వాత చేయించుకున్న పది ఫిజియోథెరపీ సెషన్ల కంటే ఎక్కువ అయింది. నాకు పనికొచ్చింది మాత్రం ఆ పది సెషన్లే. సీడీ ఇంతవరకు ఎవరూ పెట్టి చూడలేదు.

మార్చి 23న ఫిజియోథెరపీ మొదలైంది. మొదటి రోజు అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను కుర్చీలోంచి లేవమంది. లేచాను. "ఇప్పుడు మీరు ఊపిరి బిగబట్టారు, చెయ్యి వెనక్కి వెళ్లింది, గమనించారా?" అంది. గమనించలేదు. "ఈసారి ఊపిరి వదులుతూ, చెయ్యి పెట్టకుండా లేవండి మేడమ్" అంది. వణుకుతూ లేచాను. నొప్పి తక్కువగా వచ్చింది. ఇంతకాలం నడుముని కాపాడుకుంటున్నాననుకుని కండరాలన్నీ బిగించి పెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. బెల్టు వారంలో కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించింది. తర్వాత ఖాళీ అట్టపెట్టె నేల మీద పెట్టి ఎత్తమంది. నెలల తర్వాత నేలదాకా వంగడం అదే మొదటిసారి. పెట్టెలో ఏమీ లేదని తెలుసు, అయినా గుండె కొట్టుకుంది. ఏప్రిల్ మొదట్లో అందులో 2 కిలోలు, నెలాఖరుకి 5 కిలోలు, జూన్‌లో 8 కిలోలు. నడక రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి నలభైకి వచ్చాను. చేసిన మర్నాడు నొప్పి కొంచెం పెరిగేది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పాత స్థాయికి వస్తే ఫర్వాలేదని ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు.

అక్కడే ఒకాయన పరిచయమయ్యారు, ఆయనది నాలాంటి కథ కాదు. కాలు కిందిదాకా నరం నొప్పి, డిస్కులోంచి ముక్క బయటికొచ్చింది, పరీక్షలోనూ స్కాన్‌లోనూ ఒకే పక్క, ఒకే నరం. ఆయన విషయంలో స్కాన్ సరిగ్గా దారి చూపింది. ఆపరేషన్ గురించి మాట్లాడి, కాలి బలం తగ్గలేదు కాబట్టి కొన్ని వారాలు ఆగి చూద్దామన్నారట, ఈలోపు నొప్పి తగ్గిపోయింది. బయటికొచ్చిన ముక్కని శరీరమే మెల్లగా కరిగించుకోవడం చాలామందిలో జరుగుతుందట, చిన్న ఉబ్బుల కంటే పెద్దగా బయటికొచ్చినవే ఎక్కువగా కుంచించుకుపోతాయని ఆయన చెబితే నమ్మలేదు, ఫిజియో అమ్మాయిని అడిగితే నిజమే అంది.

మే 9న మళ్లీ పట్టేసింది. ఈసారి బాత్‌రూమ్‌లో కాదు, ఆఫీసులో, నాలుగు గంటలు లేవకుండా కూర్చున్నాక. అదే చోట, అదే నొప్పి. మొదటి పది నిమిషాలు మార్చి నెల మొత్తం వెనక్కి వచ్చినట్టయింది, ఆ ఫిషర్ పెద్దదైందేమో అనుకున్నాను. డాక్టరుకి ఫోన్ చేస్తే ముందు మూత్రం, తిమ్మిరి, కాలి బలం గురించి అడిగారు, మర్నాడు రమ్మని మళ్లీ కాళ్లు పరీక్ష చేశారు, స్కాన్ రాయలేదు. ఈసారి స్కాన్ రాయనందుకు నాకు కోపం రాలేదు. ఆ సాయంత్రమే నడకకి వెళ్లాను, పది నిమిషాలే నడవగలిగాను. పన్నెండు రోజులకి తగ్గింది. నవంబరుది మూడు నెలలైనా తగ్గలేదు.

చివరి సెషన్ జూన్ 29న అయింది. ఇప్పుడు నొప్పి చాలా రోజులు పదికి ఒకటి, రెండు. కొన్ని రోజులు నాలుగు దాకా వెళ్తుంది, ఎక్కువగా నిద్ర సరిగ్గా లేని రోజుల్లో. ఒక్కోసారి అసలు ఉండదు. గంటకోసారి లేచేలా ఆఫీసులో ఫోనులో అలారం పెట్టుకున్నాను. రిపోర్టు మాత్రం అలాగే ఉంది, ఇవాళ మళ్లీ తీయించినా దాదాపు అవే మాటలు వస్తాయని డాక్టరు ముందే చెప్పారు. మొన్న మా అక్క వచ్చినప్పుడు తన సూట్‌కేసు నేను ఎత్తబోతే పరుగెత్తుకొచ్చి లాక్కుంది. ఆ పెన్నుతో రాసిన కాగితం తెచ్చి తనకి చూపించాను. తనకి 51 ఏళ్లు, ఎప్పుడూ నడుము నొప్పి ఎరగదు. యాభై ఏళ్లకి ఎంత శాతమో దాని మీద లేదు, ఈసారి వెళ్లినప్పుడు అడిగి రాయించుకురమ్మంది.